కరణం పోయాడు, కంప్యూటరొచ్చింది

(కార్యకర్తల శిక్షణా తరగతుల్లో రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)



నిన్న భూమి గురించి మాట్లాడుకున్నాం. అట్రాసిటీ చట్టం గురించి మాట్లాడుకున్నాం. ఇవాళ పొద్దున్నే కంప్యూటర్ ఫైళ్ళ మీద క్లాసు అనేసరికి కొంతమంది పెద్దవాళ్ళు మొహం చిట్లించారు. ఇది గుమాస్తాల గొడవ గదా, ఉద్యమానికి దీంతో ఏం పని అని టీ దగ్గర ఒక పెద్దాయన అడిగాడు గూడా. అడగటం న్యాయమే. ముందు దానికి జవాబు చెప్పి తర్వాత అసలు సంగతిలోకి వెళ్తాం.

1984 జనవరి దాకా మన ఊళ్ళల్లో కరణం ఉండేవాడు. తండ్రి పోతే కొడుకు, కొడుకు పోతే మనవడు. అడంగల్ ఆయన ఇంట్లో, మన డి-ఫారం పట్టా నంబరు ఆయన నోట్లో. చెరువు కింద నీకు రాసిచ్చిన ఎకరం ఎక్కడుందో నీకు తెలియదు, ఆయనకు తెలుసు. ఆ జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ పదవుల్ని రద్దు చేసింది. ఏమైంది? చాలా ఊళ్ళల్లో కరణాలు రికార్డులు అప్పగించలేదు. పదవి పోయింది, పుస్తకం మాత్రం దూలం మీదే ఉంది. పుస్తకం ఉన్నంతకాలం పెత్తనం ఉంది.

ఇప్పుడు మన సంఘాల సంగతి చూడండి. ఎఫ్.ఐ.ఆర్. కాపీలు, గాయాల ఫోటోలు, సాక్షుల మాటలు రికార్డు చేసిన ఆడియోలు, పట్టాల స్కానింగులు, మన పాటలు, సభల వీడియోలు ఎక్కడున్నాయి? ఊళ్ళో చదువుకున్న ఒక్క కుర్రాడి లాప్‌టాప్‌లో ఉన్నాయి. ఆ కుర్రాడు మంచివాడే, మనోడే. కానీ రేపు ఉద్యోగమొచ్చి బెంగుళూరు పోతాడు. లేదా లాప్‌టాప్ కింద పడుతుంది. లేదా సంఘం రెండుగా చీలుతుంది, చీలిపోవటం మనకు కొత్త గాదు గదా. అప్పుడు తనకు తెలియకుండానే ఆ కుర్రాడు మనకు కరణం అవుతాడు.

బాబాసాహెబ్ 1956 డిసెంబర్ 6న చనిపోయారు. ఢిల్లీ అలీపూర్ రోడ్డు ఇంట్లో ఆయన రాతప్రతులు, ఉత్తరాలు, కాగితాలు మూటలకొద్దీ ఉన్నాయి. 1967లో ఆ ఇంటి యాజమాన్యం గొడవల్లో ఆ కాగితాల్ని ఆవరణలో పడేశారు. వాన పడింది. ఎన్నో తడిసి పాడైపోయాయి. మహారాష్ట్ర ప్రభుత్వం ఆయన రచనల మొదటి సంపుటం తెచ్చేసరికి 1979 అయ్యింది. ఈ దేశానికి రాజ్యాంగం రాసినాయన కాగితానికే రెండో కాపీ లేకపోయింది. మన గూడెంలో మరియమ్మ ఇచ్చిన ఫిర్యాదుకి ఎవరుంచుతారు రెండో కాపీ? మనమే ఉంచాలి.

ఇంకో లెక్క చూడండి. కారంచేడు 1985 జూలై 17. సుప్రీంకోర్టు చివరి మాట 2008 డిసెంబరులో. మధ్యలో 23 ఏళ్ళు. చుండూరు 1991 ఆగస్టు 6. ప్రత్యేక కోర్టు తీర్పు 2007 జూలై 31న వచ్చింది, అంటే 16 ఏళ్ళకి. 2014లో హైకోర్టు ఆ శిక్షల్ని కొట్టేసింది. న్యాయం నడిచే వేగం అదీ. ఏ కంప్యూటరు 23 ఏళ్ళు నడుస్తుంది? ఏదీ నడవదు. కేసు మొదలయ్యేటప్పటి మిషను వేరు, సాక్ష్యం చెప్పేటప్పటి మిషను వేరు, అప్పీలు నాటికి మిషను మళ్ళీ వేరు. ఒక మిషను నుంచి ఇంకో మిషనుకి మన కాగితం క్షేమంగా నడిచి పోవాలి. ఇవాళ్టి క్లాసు దీని గురించే.

ఇక అసలు సంగతి.

డిస్కు అంటే గట్లు లేని ఖాళీ పొలం అనుకోండి. ఏ మడి ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు, ఎవరి పేరున ఉంది, ఏ తేదీన మారింది అని రాసుకునే సర్వే పద్ధతి ఒకటి ఉంటుంది. దాన్నే ఫైల్ సిస్టమ్ అంటారు. చిక్కేమిటంటే ఒక్కో కంపెనీ ఒక్కో సర్వే పద్ధతి పెట్టింది. విండోస్‌లో ఎన్‌టిఎఫ్‌ఎస్, 1993 నుంచీ ఉంది. లినక్సులో ఎక్కువగా ఇఎక్స్‌టి4, 2008 నుంచి. ఆపిల్ వాళ్ళ మ్యాక్‌లో 2017కి ముందు హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్, ఆ తర్వాత ఎపిఎఫ్‌ఎస్. పెన్‌డ్రైవుల్లో ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్. ఒకడి సర్వే రాయి ఇంకొకడికి కనపడదు.

మన దగ్గర ఈ మూడు రకాలూ ఎందుకున్నాయంటే, మనం షాపుకెళ్ళి ఒకే రకం ఏరుకుని కొనుక్కున్నవాళ్ళం గాదు. ఆఫీసులో ఉన్నది సెకండ్ హ్యాండ్ విండోస్ డెస్క్‌టాప్. ఎవరో పాతబడిందని ఇచ్చేసిన మిషనులో విండోస్ ఈడ్చుకుంటూ నడుస్తుంటే మన పిల్లలు లినక్సు వేశారు, అది ఉచితం, గుర్రంలాగా నడుస్తోంది. అమెరికాలో సాఫ్ట్‌వేర్ పని చేసే మన గూడెం పిల్లవాడొకడు తన పాత మ్యాక్ పంపించాడు. దానమిచ్చిన ఆవు పళ్ళు లెక్కపెట్టకూడదంటారు. మనం మాత్రం లెక్కపెట్టాల్సిందే, లేకపోతే అది మన కాగితాలు మేసేస్తుంది.

అన్నిటికంటే ముందు ఒక్క మాట గట్టిగా చెప్తాం, నిద్రపోయేవాళ్ళు లేవండి. లినక్సు మిషను డిస్కుగానీ మ్యాక్ డిస్కుగానీ తీసి విండోస్ కంప్యూటర్‌కి తగిలిస్తే, ఈ డిస్కు వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా అని అడుగుతుంది. డిస్కు పాడైందని గాదు దానర్థం. ఆ పద్ధతి విండోస్‌కి చదవటం రాదు, అంతే. తనకు చదువు రాని భాషలో రాసిన పుస్తకాన్ని చింపెయ్యమంటారా అని అడుగుతోందన్నమాట. ఆ ప్రశ్నకి ఎప్పుడూ 'వద్దు' నొక్కండి. ఒక ఊళ్ళో 'సరే' నొక్కారు. ఆరేళ్ళ ఫోటోలు పోయాయి. మ్యాక్ కొంచెం మర్యాదస్తురాలు. ఎన్‌టిఎఫ్‌ఎస్ డిస్కుని చదువుతుంది, కానీ దాని మీద రాయదు. లినక్సు అన్నిటికంటే ఓపికమంతురాలు. 2021 నుంచి దాని కెర్నెల్‌లోనే ఎన్‌టిఎఫ్‌ఎస్ చదివి రాసే డ్రైవరు ఉంది. ఎక్స్‌ఫ్యాట్ గూడా వస్తుంది.

మూడూ చదివే, మూడూ రాసే మామూలు పద్ధతులు రెండు. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్. వీటిలో ఫ్యాట్32 పాతది, 1996 నాటిది. అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. ఇది చాలామందికి తెలియదు. దాడి జరిగిన రోజు తీసిన గంటన్నర వీడియో, మంచి ఫోనుతో తీశారు, 6 జీబీ ఉంది. 32 జీబీ ఖాళీ పెన్‌డ్రైవులోకి ఎక్కదు. స్టేషన్లో ఎస్.ఐ. గారు "పెన్‌డ్రైవ్ పాడైంది, మంచిది తెండి" అని తిప్పి పంపుతాడు. వాళ్ళు 20 కిలోమీటర్లు వెనక్కి పోయి ఇంకో 32 జీబీది కొని తెస్తారు. అదీ ఫ్యాట్32యే. సాయంత్రమైపోతుంది, కాగితం మీద ఒక రోజు ఆలస్యం పడుతుంది. ఆ ఆలస్యం ఎందుకు జరిగిందని రేపు డిఫెన్సు లాయరు నిలదీస్తాడు. ఎక్స్‌ఫ్యాట్ చేస్తే ఈ బాధ ఉండదు. ఇంటి దగ్గరే ఖాళీ పెన్‌డ్రైవులన్నీ ఎక్స్‌ఫ్యాట్ చేసి పెట్టుకోండి. రెండు నిమిషాల పని.

అయితే ఎక్స్‌ఫ్యాట్‌కి ఒక లోపం ఉంది. ఎన్‌టిఎఫ్‌ఎస్, ఇఎక్స్‌టి4 లాంటివి తాము చేయబోయే పని ముందు ఒక చిట్టాలో రాసుకుని తర్వాత చేస్తాయి. మధ్యలో కరెంటు పోయినా ఆ చిట్టా చూసుకుని సర్దుకుంటాయి. ఎక్స్‌ఫ్యాట్‌కి ఆ చిట్టా లేదు. కాపీ అవుతుండగా పెన్‌డ్రైవ్ లాగేస్తే మొత్తం అల్లుకుపోవచ్చు. అందుకని ఎజెక్ట్ కొట్టి, సరేనన్నాకే తియ్యండి. తొందర పనికిరాదు. పెన్‌డ్రైవ్ అనేది తపాలా బంట్రోతు, బీరువా గాదు. దాంట్లో వేసి పెట్టెలో పెట్టి నాలుగేళ్ళ తర్వాత తీస్తే ఖాళీగా కనపడొచ్చు. కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి ఉంటే దాని లోపలి గుర్తులు నెమ్మదిగా చెరిగిపోతాయి.

ఇప్పుడు పేర్ల సంగతి. ఈ దేశంలో పేరు చూసి కులం అడుగుతారు. కంప్యూటర్లు గూడా పేరు చూసి లోపలికి రానివ్వాలా వద్దా అని చూస్తాయి.

మనవాళ్ళు కేసు నంబరు ఎట్లా రాస్తారు? 112, ఏటవాలు గీత, 2019. ఆ ఏటవాలు గీత ఫైలు పేరులో విండోస్ రానివ్వదు, లినక్సు రానివ్వదు. మ్యాక్‌లో మాత్రం టైపు చేస్తే తీసుకున్నట్టే కనపడుతుంది. లోపల దాన్ని కోలన్‌గా మార్చి పెట్టుకుంటుంది. కోలన్ విండోస్‌కి పనికిరాదు. ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తు, డబుల్ కొటేషన్, నిలువు గీత ఇవి గూడా విండోస్‌కి అంటరానివే, లినక్సులో ఏ ఇబ్బందీ లేదు. లినక్సులో హాయిగా బతికిన పేరు విండోస్ గుమ్మం దగ్గర ఆగిపోతుంది. ఇంకో విచిత్రం. ఫోల్డరు పేరు చివర చుక్క ఉంటే విండోస్‌కి పడదు. మనం 'యస్.సి.' అని చివర చుక్క పెట్టి రాస్తాం గదా, లినక్సులో ఆ పేరుతో చేసిన ఫోల్డరు విండోస్‌కొచ్చేసరికి తెరుచుకోక మొరాయిస్తుంది. యస్.సి. ఫోల్డరుకే ఆ గతి పట్టాలా అని మన పిల్లలు నవ్వారు. చుక్క తీసేసి 'యస్సీ' అని రాయండి, సరిపోతుంది.

ఇంగ్లీషులో పేర్లు పెట్టేవాళ్ళకి ఇంకో గొయ్యి ఉంది. లినక్సుకి పెద్ద అక్షరం పి తో ఫొటోస్ వేరు, చిన్న అక్షరం పి తో ఫొటోస్ వేరు. విండోస్‌కీ, మామూలు మ్యాక్‌కీ రెండూ ఒకటే. లినక్సులో పక్కపక్కన ఉన్న రెండు ఫోల్డర్లు విండోస్‌కొచ్చేసరికి కలిసిపోతాయి. రెంటిలోనూ ఒకే పేరున్న ఫోటో ఉంటే ఒకటి ఇంకోదాన్ని తొక్కేస్తుంది. తెలుగులో పేరు పెడితే ఈ గొడవ లేదు. మన లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం లేవు. లిపిలో లేదుగానీ ఆ లిపి మన చేతికి రానియ్యని వాళ్ళల్లో మాత్రం బోలెడంత ఉంది.

కానీ తెలుగుకి వేరే పన్ను ఉంది, వినండి. లినక్సు ఫైల్ సిస్టమ్‌లో ఒక పేరుకి 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటు తింటుంది. తెలుగు అక్షరపు ప్రతి ముక్కా మూడు బైట్లు తింటుంది. ముక్క అంటే? 'స్త్రీ' అని రాస్తే మన కంటికి ఒక్కటే అక్షరం. కంప్యూటర్‌కి స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు ముక్కలు. మూడార్ల పద్దెనిమిది బైట్లు. అంటే ఇంగ్లీషువాడికి 255 అక్షరాల జాగా ఉంటే మనకి 85 ముక్కల జాగా. విండోస్‌లో బైట్లు లెక్కపెట్టరు, 255 ముక్కల దాకా రానిస్తారు. అందుకని విండోస్‌లో "ఫలానా గ్రామంలో ఫలానా తేదీన దళిత స్త్రీల మీద జరిగిన దాడికి సంబంధించి మండల కార్యాలయంలో ఇచ్చిన ఫిర్యాదు నకలు" అని కథంతా పేరులోనే రాసేస్తే, అక్కడ బాగానే ఉంటుంది. లినక్సు బ్యాకప్‌లోకి మాత్రం ఎక్కదు. నాలుగు వేల ఫైళ్ళల్లో పన్నెండు ఎక్కలేదని ఎర్ర అక్షరాల్లో చెప్తుంది, అది ఎవరు చదువుతారు? చదవాలి. ఆ ఎర్ర అక్షరాలు చదవటమే ఈ పనిలో సగం పని.

ఇంకా ముచ్చటైనది ఒకటి ఉంది. 'జై భీమ్'.

నవ్వకండి. 'జై' లో ఐత్వం ఉంది గదా, ఆ గుర్తుని కంప్యూటరు రెండు రకాలుగా రాయొచ్చు. మొత్తం ఐత్వాన్ని ఒకే ముక్కగా రాయటం ఒక పద్ధతి. ఎత్వం ఒక ముక్క, కింద తోక ఒక ముక్కగా విడగొట్టి రాయటం ఇంకో పద్ధతి. తెలుగు గుణింతం గుర్తుల్లో ఈ రెండు రూపాలు ఐత్వానికి ఒక్కదానికే ఉన్నాయి. పాత మ్యాక్, అంటే ఆ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్, ఏ పేరైనా విడగొట్టే దాచుకుంటుంది. లినక్సు మాత్రం ఇచ్చింది ఇచ్చినట్టు ఉంచుకుంటుంది. ఆ మ్యాక్ నుంచి నెట్‌వర్కు మీద లినక్సుకి ఆర్‌సింక్‌తో పంపితే ఏమవుతుంది? లినక్సులో అప్పటికే 'జై భీమ్ పాటలు' అనే ఫోల్డరు ఉంటే, దాని పక్కనే ఇంకో 'జై భీమ్ పాటలు' పుడుతుంది. కంటికి అచ్చుగుద్దినట్టు ఒకటే. మిషనుకి వేరు వేరు. మన ఉద్యమంలో ఒకే పేరుతో రెండు సంఘాలున్నట్టే! పాటలు సగం అందులో, సగం ఇందులో. వెతికితే ఒకదాంట్లో దొరకదు. ఆర్‌సింక్‌లో దీనికి మందు ఉంది. ఐకాన్వ్ అనే ఆప్షన్‌తో ఇటువైపు మ్యాక్ పద్ధతి, అటువైపు మామూలు పద్ధతి అని చెప్తే దారిలోనే మార్చి పంపుతుంది. సింక్‌థింగ్ అనే ప్రోగ్రాము, దాని సంగతి తర్వాత చెప్తాం, దీన్ని తనంతట తానే సర్దుకుంటుంది. కొత్త మ్యాక్‌లో ఎపిఎఫ్‌ఎస్ రెండు రూపాల్నీ ఒకటే అనుకుంటుంది. ఇట్లాగే కంటికి కనపడని విడదీత గుర్తు ఒకటుంది, పొల్లు తర్వాత ఫోను కీబోర్డులు వాటంతటవే పెట్టేస్తుంటాయి. దానికి మందు లేదు, ఒకళ్ళు పెట్టిన పేరునే కాపీ చేసి వాడుకోవటం ఒక్కటే. ఇక మనలో సగం మంది అంబేద్కర్ అనీ, సగం మంది అంబేడ్కర్ అనీ రాస్తాం, దాన్ని ఏ ప్రోగ్రామూ తీర్చలేదు, అది మనమే కూర్చుని తేల్చుకోవాలి.

మా పద్ధతి ఇదీ. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ, మధ్యలో అడ్డగీతలు. తర్వాత ఊరు, తర్వాత రెండు మాటలు. 2024-08-06, ఊరి పేరు, ఫిర్యాదు. అంతే. సంవత్సరం ముందుంటే ఏ మిషనులోనైనా వరసగా వస్తాయి. కథ రాయాలనుకుంటే లోపల ఒక టెక్స్టు ఫైలు పెట్టి రాయండి.

తేదీలదీ ఒక తంటా ఉంది. ఎన్‌టిఎఫ్‌ఎస్, ఇఎక్స్‌టి4 ప్రపంచమంతటికీ ఒకటే అయిన గడియారం ప్రకారం టైము దాస్తాయి. ఫ్యాట్32 మాత్రం ఆ గదిలో గోడ గడియారం ఎంతుంటే అంత రాసుకుంటుంది, అదీ రెండేసి సెకన్లకి గుండుగుత్తగా. అమెరికా టైము మీదే ఉన్న ఆ మ్యాక్‌లో పెట్టి, తెచ్చి మన మిషనులో పెడితే అన్ని ఫైళ్ళూ గంటల తేడాతో మారినట్టు కనపడతాయి. సింక్ ప్రోగ్రాము మొత్తం మళ్ళీ మొదటి నుంచీ కాపీ చేస్తుంది. ముందు మిషన్ల గడియారాలు భారత కాలమానానికి సరిచెయ్యండి. ఆర్‌సింక్‌కి మోడిఫై విండో అని ఒక ఆప్షన్ ఉంది, ఒకటి రెండు సెకన్ల తేడా పట్టించుకోవద్దని దాంతో చెప్పొచ్చు. ఫైలు యజమాని ఎవరు, ఎవరు చదవొచ్చు అనే లినక్సు అనుమతులు గూడా ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్ మీద నిలవవు. ఫోటోలకీ కాగితాలకీ దాంతో మనకు పెద్ద నష్టం లేదు, వదిలేద్దాం.

సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఇది అర్థం కాకపోతే మిగిలినదంతా దండగ.

సింక్ అంటే అద్దం. ఇక్కడ మారితే అక్కడ మారుతుంది. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. ఎవరో చిన్న పిల్లాడు ఆఫీసు మిషనులో ఒక ఫోల్డరు డిలీట్ చేస్తే, అయిదు నిమిషాల్లో మూడు ఊళ్ళల్లోనూ పోతుంది. మూడు చోట్ల ఉందన్న ధైర్యం మూడు చోట్లా ఒకేసారి పోతుంది. బ్యాకప్ అంటే నిన్నటిది నిన్నటిలాగా, మొన్నటిది మొన్నటిలాగా విడిగా ఉండటం. విండోస్‌లో రోబోకాపీ అనే ఆదేశానికి మిర్రర్ ఆప్షన్ పెడతారు. మూలంలో లేనిదాన్ని గమ్యంలో గూడా తీసేస్తుందది. ఎటునుంచి ఎటో తారుమారు చేసి రాశారో, ఖాళీ డిస్కుని చూసి నిండు డిస్కుని ఖాళీ చేస్తుంది. ఆర్‌సింక్‌లో డిలీట్ ఆప్షన్ కూడా అంతే. ముందు డ్రై రన్ పెట్టి చూడండి. ఏం చేయబోతోందో చెప్తుంది, చెయ్యదు. చదివి, పక్కన ఇంకొకళ్ళకి చూపించి, అప్పుడు చెయ్యండి.

మేము బడిపంతుళ్ళం కొందరం కలిసి నడుపుతున్న ఏర్పాటు చెప్తాం. ఇదే గొప్పదని గాదు, తక్కువ డబ్బుతో అవుతోందని. మూడు మిషన్లలోనూ సింక్‌థింగ్ వేశాం. 2013లో వచ్చిన ఉచిత ప్రోగ్రాము, దాని లోపలి రాత ఎవరైనా చదువుకోవచ్చు. మధ్యలో ఏ కంపెనీ గోడౌనులోనూ మన ఫైళ్ళు నిలవ ఉండవు, మిషను నుంచి మిషనుకి గుప్తంగా వెళ్తాయి. విండోస్, లినక్సు, మ్యాక్ మూడింటిలో నడుస్తుంది. అందులో ఫైల్ వెర్షనింగ్ అని ఉంటుంది, మొదట్లో అది ఆపేసి ఉంటుంది. తప్పకుండా ఆన్ చెయ్యండి. వేరే మిషను నుంచి డిలీట్ వచ్చినా, మార్పు వచ్చినా పాతదాన్ని విడిగా ఒక ఫోల్డరులో దాస్తుంది. లినక్సు మిషనుని మాత్రం తీసుకోవటమే తప్ప పంపనిదిగా పెట్టాం.

ఆ లినక్సు మిషను నుంచి రెస్టిక్ అనే ఇంకో ఉచిత ప్రోగ్రాముతో వారానికోసారి బయటి హార్డ్ డిస్కులోకి బ్యాకప్. ఇది ఫైళ్ళని ఫైళ్ళుగా పెట్టదు. ముక్కలు చేసి, తాళం వేసి, తన సొంత మూటలు కట్టుకుంటుంది. పేర్లు, తేదీలు, అనుమతులు అన్నీ మూట లోపల ఉంటాయి. అందుకని కింద ఏ ఫైల్ సిస్టమ్ ఉన్నా మన పేర్లు చెడిపోవు. ఇందాకటి చుక్కలూ గీతలూ 'జై'లూ ఏవీ అడ్డం రావు. పాస్‌వర్డ్ పోతే మాత్రం బ్రహ్మదేవుడు దిగొచ్చినా తెరుచుకోదు, ఆయన మనకోసం ఎప్పుడూ దిగలేదనుకోండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి సీలు వేసిన రెండు కవర్లలో పెట్టి, ఒకటి కార్యదర్శి దగ్గర, ఒకటి మహిళా విభాగం అక్క దగ్గర ఉంచాం. డిస్కులు రెండు. ఒకటి ఆఫీసులో, ఒకటి ఇంకో మండలంలో. నెలకోసారి మారుతాయి. కాగితాలు మూడు చోట్ల, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి ఊరి బయట. పాతకాలం నుంచీ కంప్యూటరు వాళ్ళు చెప్పే లెక్క ఇదే. ఊరి బయట ఉండటం మనకు అలవాటే గదా, ఈసారి అది పనికొచ్చింది.

ఏప్రిల్ 14న, జూలై 17న, డిసెంబర్ 6న ఉదయం దండ వేసి వచ్చాక ఆ డిస్కులోంచి పది ఫైళ్ళు ఏరి తిరిగి తీసి, తెరిచి చూస్తాం. వీడియో చివరిదాకా నడుస్తుందా అని చూస్తాం. తెరిచి చూడని బ్యాకప్‌ని మేము లెక్కలో వెయ్యం.

ఇక కోర్టు సంగతి. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్యాధారాల చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. వీడియో, ఫోటో, ఫైలు సాక్ష్యంగా పెట్టాలంటే సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర. షా-256 అనే లెక్కలో 64 అంకెలూ అక్షరాలూ వస్తాయి. వీడియోలో ఒక్క చుక్క మారినా మొత్తం విలువ మారిపోతుంది. ఫైలు పేరు మారినా, తేదీ మారినా, విండోస్ నుంచి లినక్సుకి, లినక్సు నుంచి మ్యాక్‌కి పోయినా మారదు. ఎందుకంటే అది లోపలి సరుకుని మాత్రమే చూస్తుంది, పై చిరునామాని చూడదు. ఇంతసేపూ చెప్పిన తంటాలన్నిటి మధ్య మన వీడియో మారలేదని చెప్పే సాక్షి అదొక్కటే. మూడు రకాల మిషన్లలోనూ హ్యాష్ తీసే ఆదేశం ముందే ఉంటుంది, ఏమీ కొనక్కర్లేదు. వీడియో ఫోన్లోంచి కంప్యూటర్‌కి ఎక్కించిన వెంటనే హ్యాష్ తీసి రిజిస్టర్లో రాయండి, తేదీ వేసి ఇద్దరు సంతకాలు పెట్టండి. నోటుబుక్కు రిజిస్టరే, పిల్లల అటెండెన్సు రిజిస్టరు లాంటిది.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో అసలుది గాదు. అది దాన్ని కుదించి పంపుతుంది, హ్యాష్ మారిపోతుంది. డాక్యుమెంటుగా పంపండి, లేదా వైరు పెట్టి కాపీ చెయ్యండి. అసలు ఫోనులో ఉన్నదాన్ని చెరపొద్దు.

మన మిషన్లు ఎవరైనా స్వాధీనం చేసుకుంటే హ్యాష్ విలువ ఆ క్షణాన్నే పంచనామాలో రాయమని అడగండి. భీమా కోరేగావ్ కేసులో రోనా విల్సన్ కంప్యూటర్లోకి బయటినుంచి మాల్వేర్ ద్వారా ఫైళ్ళు చొప్పించారని అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే ఫోరెన్సిక్ సంస్థ 2021 ఫిబ్రవరిలో రిపోర్టిచ్చింది. ఆయన బెయిలు మీద బయటికొచ్చేసరికి 2025 జనవరి అయ్యింది. బాధిత స్త్రీల పేర్లూ మాటలూ ఉన్న ఫోల్డర్లు తాళం లేకుండా పెన్‌డ్రైవుల్లో తిప్పొద్దు. విండోస్ తాళం మ్యాక్‌కి తెలియదు, మ్యాక్ తాళం లినక్సుకి తెలియదు. వెరాక్రిప్ట్ అనేది మూడింటిలోనూ తెరుచుకుంటుంది. మధ్యాహ్నం దాన్ని చేసి చూపిస్తాం.

పాత పత్రికల గురించి ఒకరు చీటీ పంపారు. తొంభైల్లో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టిన మన కరపత్రాల ఫైళ్ళు ఇప్పుడు తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి, ఫైల్ సిస్టమ్ మార్చటం వల్లా అని. కాదు. అవి యూనికోడ్ రాకముందు పద్ధతిలో రాసినవి. ఇంగ్లీషు అక్షరం స్థానంలో తెలుగు ముక్క బొమ్మ గీసేవాళ్ళు. ఆ ఫాంటు లేకపోతే బొమ్మ రాదు. ఫైలుతో పాటు ఆ ఫాంటు గూడా దాచండి, వీలైతే పిడిఎఫ్ చేయించండి, అచ్చు కాపీ దొరికితే స్కాన్ చేయండి. ఆ పత్రికల పూర్తి సెట్టు ఎవరింట్లో ఉన్నా, చెదలు పట్టక ముందే తెండి. స్కానరు ఆఫీసులో ఉంది.

పక్క గదిలో మూడు మిషన్లూ పెట్టాం. పెన్‌డ్రైవులు తెచ్చినవాళ్ళు ముందు రండి. లోపల ఏమీ లేని వాటిని ఎక్స్‌ఫ్యాట్ చేసిస్తారు. ఉన్నవాటిని ముట్టుకోరు, ముందు కాపీ తీసుకుంటారు. డి-ఫారం పట్టాలు తెచ్చిన అక్కలు ఎడమ పక్క బల్ల దగ్గర కూర్చోండి. స్కాన్ చేసి అసలు కాగితం మీ చేతికే తిరిగి ఇస్తారు, ఎవరి చేతికీ ఇవ్వొద్దు. రిజిస్టర్లో సంతకం పెట్టండి, వేలిముద్రైనా సరే.

జై భీమ్.